మిఠాయి పైసలు కలుపుకొని జీతం

మేం ముగ్గురం హైదరాబాదులో ఒకే కిరాయి గదిలో ఉండి ఒకే డిప్లొమా చదివాం. ఒకే మిషన్ మీద, ఒకే సారు దగ్గర స్కానింగ్ నేర్చుకున్నాం. ప్రోబ్ ఎంత గట్టిగా అదమాలో, ఎక్కడ తేలికగా పట్టుకోవాలో ఒకరి పొట్ట మీద ఒకరం ప్రయత్నించి చూసుకునేవాళ్లం. చదువు అయ్యాక తలా ఒక దిక్కు వెళ్లాం. కొన్నాళ్లకు జీతాల సంగతి మాట్లాడుకుంటే మూడూ మూడు రకాలుగా ఉన్నాయి.

ఒకామె హైదరాబాదులోనే ఒక గుండె ఆసుపత్రిలో చేరింది. గుండె కొట్టుకునే తీరును తెర మీద చూసే పని. ఆమెకు ఆరు వేలు. రెండో ఆమె పటాన్‌చెరులో ఒక నర్సింగ్ హోంలో చేరింది. అక్కడికి వచ్చేది ఫ్యాక్టరీల వాళ్లు. కొలుముల దగ్గర నిలబడి, నీళ్లు తాగడానికి తీరిక లేక, కిడ్నీలో రాళ్లు తెచ్చుకున్నవాళ్లు. ఆమెకు మూడు వేలు. నేను సంగారెడ్డిలో పాత బస్టాండు వెనక ఉన్న స్కానింగ్ సెంటర్‌లో చేరాను. ఇంటికి నడిచి వెళ్లేంత దగ్గర. వచ్చేది ఎక్కువగా గర్భిణులు. నాకు పద్దెనిమిది వందలు.

ఆ మాట ఇంట్లో చెబితే నాన్న నవ్వాడు. ఆయన పటాన్‌చెరులో ఒక షెడ్డులో లేత్ మిషన్ నడిపేవాడు.

"మా దాంట్ల గూడ గంతే బిడ్డా. మిషన్ ఒకటే, ఇనుము ఒకటే. ఈ గోడకియతల ఒక జీతం, ఆ గోడకవతల ఒక జీతం. గట్లెందుకని అడిగితే గేటు సూపిస్తరు."

"అడగొద్దంటవా నాయినా?"

"అడుగు. నిన్ను సూసి ఎవ్వలు భయపడరు గని, అడుగు."

అడగడం నాకు చిన్న పని కాదు. బస్సులో చిల్లర తక్కువ ఇచ్చినా ఊరుకునేదాన్ని. మధ్యాహ్నం పేషెంట్లు లేనప్పుడు లైబ్రరీ నవల ప్రింటు కాగితాల డ్రాయర్‌లో పెట్టుకుని చదివేదాన్ని. ఎవరైనా వస్తే డ్రాయర్ మూసేసేదాన్ని, తప్పు చేసినట్టు. ఓనర్ సారుతో అనవలసిన మాటను డైరీలో రెండు మూడు రకాలుగా రాసుకున్నాను. తీరా ఆయన ముందు నిలబడి, "కరెంటు బిల్లు వచ్చింది సార్" అని చెప్పి వచ్చేశాను.

చివరకు ఒకరోజు, పటాన్‌చెరులో మూడు వేలు ఇస్తున్నారని చెప్పి అడిగేశాను. ఓనర్ సారు అంతకుముందు మందుల షాపు నడిపిన మనిషి. ఎవరితోనూ కటువుగా మాట్లాడడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"పద్దెనిమిది వందలు అనుకుంటె ఎట్లమ్మా? మిఠాయి పైసలు కలుపుకొని సూస్కో. పటాన్‌చెరోళ్ల కంటె నీకే ఎక్కువ పడతయి."

"నేను తీసుకుంటలేను సార్."

"తీస్కోమని నేను చెప్పలేదు. తీస్కోవద్దని గూడ చెప్పలేదు. కాని ఈ సీటుకు జీతం గట్లనే కట్టిన. నీ ముందల ఉన్నామె గూడ గింతే తీస్కున్నది, గీ రోడ్ల ప్లాటు కొన్నది."

మిఠాయి పైసలంటే ఏమిటో చేరిన మొదటి వారంలోనే మా ఆయమ్మ చెప్పింది. ఆయమ్మ పేషెంట్లకు నీళ్లు తాగించి, వరసలో కూర్చోబెట్టి, పొట్ట మీద జెల్లీ తుడిచే మనిషి. ఆ సెంటర్ తెరిచినప్పటి నుంచీ ఉంది. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని చట్టం వచ్చింది, గోడకు బోర్డు కూడా పెట్టారు. ఆ బోర్డు కిందే ఒక అలవాటు మొదలైంది. మగపిల్లాడు కనిపిస్తే టెక్నీషియన్ "మరి మిఠాయి ఇయ్యరా?" అని అడిగేది. ఆ మాటలో ఆడ లేదు, మగ లేదు. ఎవరూ తప్పు పట్టలేరు. ఇంటివాళ్లు సంతోషంతో యాభయ్యో వందో చేతిలో పెట్టేవారు. అందులో సగం ఆయమ్మకు. అసలు స్కాన్ చూసి రిపోర్టు రాయవలసిన డాక్టరు గారు సాయంత్రం హైదరాబాదు నుంచి కారులో వచ్చి, అన్ని రిపోర్టుల మీదా ఒకేసారి సంతకాలు పెట్టి వెళ్లేవారు.

నేను చూసేదాన్ని కాదు. తొడ ఎముక పొడవు కొలిచేటప్పుడు బిడ్డ కాళ్ల మధ్య భాగం తెర మీదికి వస్తుంది. నేను ఎముక దొరకగానే బొమ్మ ఆపి, కొలత తీసుకుని, ప్రోబ్ పక్కకు జరిపేదాన్ని. ఎవరైనా అడిగితే తల దించుకుని కాగితం చించేదాన్ని. కాదు, చెప్పను అనే మాట కూడా నా నోటికి వచ్చేది కాదు.

"నీ కంటె ఆ మిషన్ నయం. అదన్న బీప్ మంటది," అనేది ఆయమ్మ. "నోట్ల బెల్లం ముక్క పెట్టుకున్నవా ఏంది? నీతోని నా మిఠాయి గూడ పాయె."

గుండె ఆసుపత్రి స్నేహితురాలికి ఎస్.టి.డి. బూత్ నుంచి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వింది. "గుండెకు ఆడ మగ ఉండదు కదే. అందుకే మాకు మిఠాయి లేదు, ఉత్త జీతమే. అదీ ఈ ఊళ్లోనే ఇంత ఇస్తారు. వరంగల్‌లో ఇదే పనికి సగం ఇస్తామన్నారు. గుండె స్కానింగ్ నేర్చుకుని వచ్చెయ్," అంది. నేర్చుకోవడానికి ఫీజు కావాలి, హైదరాబాదు కిరాయి కావాలి. అప్పుడే నాన్న షెడ్డులో ఓవర్‌టైం ఆపేశారు. ఆ మాట ఆమెతో అనలేదు.

అలా ఒక వేసవి దాకా నడిచింది.

ఆ వేసవిలో జోగిపేట దగ్గరి పల్లె నుంచి అత్తాకోడళ్లు వచ్చారు. కోడలికి నాలుగో నెల దాటింది. ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లలున్నారని ఆయమ్మ అడగకముందే అత్త చెప్పింది. గయ్యాళి మనిషి కాదు. హాల్లో ఫ్యాను తిరగకపోతే కొంగుతో కోడలికి విసిరింది. మూత్రం ఆపుకోలేక కోడలు కాళ్లు కదిలిస్తుంటే, "ఇంకొంచెం ఓర్సుకో బిడ్డా, ఇగ మన నంబరే," అని వీపు నిమిరింది. లోపలికి వచ్చాక నా చెంపలు తడిమి, "గింత చిన్న పోరికి గింత పెద్ద మిషన్ ఎట్లొచ్చెనే," అని మురిసిపోయింది.

స్కాన్ చేశాను. బిడ్డ కాళ్లు ముడుచుకుని ఉంది. నేను చూడాలనుకున్నా ఏమీ తెలిసేది కాదు.

"ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగున్నది అమ్మా. గుండె మంచిగ కొట్టుకుంటున్నది."

"ఇంకేమన్న?"

నేను కాగితం చించాను. అత్త కాసేపు నా ముఖం వైపే చూసింది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుని, "పైసలు కట్టొస్త," అంటూ తెర తీసుకుని బయటికి వెళ్లింది.

కోడలు లేచి కూర్చుని జెల్లీ తుడుచుకుంటూ అంది. "ఆడపిల్లనే గదక్కా."

"నాకు తెల్వదు. నేను సూడలే."

"నువ్వు మిఠాయి అడగలే గద."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె చీర సర్దుకుంటూ, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "మా దిక్కు అందరికెరికె. ఈడ మిఠాయి అడిగితె మొగపిల్లగాడు. అడగకుంటె ఆడపిల్ల. మా ఆయన అన్ని మాట్లాడి పెట్టిండు. ఆడపిల్ల అయితె గురువారం పట్నం తీస్కపోయి తీపిచ్చేస్తరు."

నేను ఏమీ చెప్పకుండా ఉన్నానని అనుకున్నాను. ఇన్ని నెలలుగా నా దగ్గరికి వచ్చిన ప్రతి ఇంటివాళ్లూ నా దించుకున్న తలను ఒక జవాబుగా తీసుకుని వెళ్లారు. నేను చూడని వాటికి కూడా నేను జవాబు చెప్పాను. వాళ్లలో ఎవరు ఏం చేశారో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు మాత్రం ఎదురుగా ఒకామె కూర్చుని ఉంది, గురువారం ఇంకా రాలేదు.

నేను తెర తీసి హాల్లోకి వెళ్లాను. నీళ్లు తాగి వంతు కోసం కూర్చున్న ఆడవాళ్లతో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. అత్త కౌంటర్ దగ్గర రశీదు తీసుకుంటోంది. నా చేతికి ఇంకా జెల్లీ ఉంది.

"అమ్మా, నేను సూడలే. నేను ఎవ్వలకు సూడను. నాకు తెల్వదు."

బెంచీల మీద అందరూ నా వైపు తిరిగారు. అత్త జాలిగా నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఆడపిల్ల ఉంటె గట్లనే అంటరు బిడ్డా. నీ తప్పేమున్నది? మొన్న మా చెల్లె కోడలికి గూడ నువ్వు గిట్లనే నోరు మూస్కున్నవట."

ఆ చెల్లెలి కోడలికి ఏమైందని నేను అడగలేకపోయాను. నిజం చెప్పాను, ఆ నిజం కూడా ఆడపిల్ల అనే వినిపించింది. బతిమాలితే ఇంకా గట్టిగా అలాగే వినిపిస్తుంది. ఇంకేం చెప్పినా అంతే. వెనక తెర దగ్గర కోడలు నిలబడి ఉంది. అత్త రశీదు మడిచి రవికలో పెట్టుకుని గుమ్మం వైపు కదిలింది.

"మరి మిఠాయి ఇయ్యరా అమ్మా?"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. అత్త ఆగింది.

"ఏందీ?"

"మిఠాయి. నాకు మిఠాయి ఇయ్యకుంటనే పోతున్నరు."

ఆమె నోరు తెరిచి నన్ను చూసింది, తర్వాత హాలంతా అదిరేటట్టు నవ్వింది. "ఓ దొంగ పోరీ! గింతసేపు నన్ను ఏడిపిస్తివి గదనే!" అంటూ నా వీపు మీద చరిచింది. కొంగు ముడి విప్పి యాభై రూపాయల నోటు నా జిడ్డు చేతిలో పెట్టి గుప్పిట మూసింది. బెంచీల మీద ఆడవాళ్లు కూడా నవ్వారు. కోడలు నవ్వలేదు. నేను చూడలేదని ఆమెకు లోపలే చెప్పాను. నా వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని, అత్త వెనకే వెళ్లిపోయింది.

"ఇగ పనిల పడ్డవ్," అంది ఆయమ్మ.

తర్వాతి ఆమె లోపలికి వచ్చి పడుకుంది. స్కాన్ అయిపోయాక ఆమె తల్లి నా ముఖం వైపే చూస్తూ నిలబడింది. ఇప్పుడు నేను ఊరుకుంటే ఇంతకు ముందుకన్నా గట్టిగా వినిపిస్తుంది. ఒకరిని అడిగాక అందరినీ అడగక తప్పదు.

"మిఠాయి ఇయ్యరా?" అన్నాను.

ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి గర్భిణినీ మిఠాయి అడిగాను. మొదట్లో కాగితం చించుతూ మెల్లగా అడిగేదాన్ని. తర్వాత అలవాటైపోయి, పిత్తాశయంలో రాయి ఉన్న ఒక ముసలమ్మను కూడా అడిగేశాను. "రాయికి గూడ మిఠాయా బిడ్డా?" అని ఆమె నోరెళ్లబెట్టింది. ఆయమ్మ తెర పట్టుకుని వంగి వంగి నవ్వింది. ఆయమ్మ వాటా ఆయమ్మకు ఇచ్చి, నా వాటా ఖాళీ జెల్లీ సీసాలో వేసేదాన్ని. ఖర్చు పెట్టలేదు. తిరిగి ఇవ్వవలసిన రోజు వస్తుందని తెలుసు.

సెంటర్‌కు జనం పెరిగారు. రుద్రారం దాటి కూడా బస్సుల్లో వచ్చేవారు. అక్కడికి పోతే మగపిల్లాడే అంటున్నారు, ఆ అమ్మాయి చెయ్యి మంచిది అని పేరొచ్చింది. ఓనర్ సారు జీతం ఇస్తూ, "ఇప్పుడు సమజైందా? ఇప్పుడు పటాన్‌చెరోళ్లు నీ ముందల ఎంత?" అన్నాడు. నేను తల ఊపాను. నా గురించి అలాంటి పేరు వచ్చాక, ఇంటికి వెళ్లి డైరీ తెరిచి, ఒక్క వాక్యం కూడా రాయలేక మూసేదాన్ని.

చలికాలానికి కాన్పులు మొదలయ్యాయి.

మొదట వచ్చినతను సంగారెడ్డివాడే. ఆడపిల్ల పుట్టిందని, రిపోర్టు పట్టుకుని వచ్చి కౌంటర్ మీద కొట్టాడు. రిపోర్టులో మగపిల్లాడని ఎక్కడుంది అని సారు అడిగితే, బోర్డు వైపు చూసి వెళ్లిపోయాడు. తర్వాత ఇంకొందరు వచ్చారు. కొందరికి సీసాలోంచి పైసలు తిరిగి ఇచ్చాను. "ఆమె అందర్ని అడుగుతది, ఆమె మాటల ఏం లేదు," అని హాల్లోనే ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకోవడం నా చెవిన పడింది. నాకు కావలసింది అదే. అయినా ఆ మాట నా గురించి అంటుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఒక సోమవారం జోగిపేట అత్తాకోడళ్లు వచ్చారు. అత్త చంకలో బట్టలో చుట్టిన పసిపిల్ల ఉంది. హాలు నిండా మనుషులున్నారు. అత్త బెంచీ మీద కూర్చోలేదు.

"నా యాభై నాకియ్యి."

నేను లోపలికి వెళ్లి నోటు తెచ్చి ఇచ్చాను. ఆమె తీసుకుని కొంగున కట్టుకుంది. కోపంగా కూడా లేదు. అలసిపోయి ఉంది.

"సదువుకున్నదానివి. గట్ల ఎందుకు జెప్తివి?"

ఎప్పటిలా తల దించుకోవచ్చు. దించుకోలేదు. "చెప్పకుంటె గురువారం పోయేటోళ్లు గదమ్మా," అన్నాను.

ఓనర్ సారు తన గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పోయేటోళ్లమే," అంది అత్త. "ఇద్దరున్నరు ఇంట్ల. ఇది మూడోది. మరి దీన్ని నువ్వు సాకుతవా? నీ జీతంల ఇంత పంపుతవా?"

పసిపిల్ల నోటి వెంట సొంగ కారుతుంటే ఆమె మాట్లాడుతూనే కొంగుతో తుడిచి, పిల్లను పైకి ఎగేసుకుని, బయటికి నడిచింది. కోడలు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. బాగా చిక్కిపోయింది.

"ఆ దినం నీకు నిజంగనే తెల్వదు గదక్కా?"

"తెల్వదు."

"గట్లనే అనుకున్న. నేను గూడ ఇంట్ల ఎవ్వలకు జెప్పలే." బయట అత్త చంకలోని పిల్ల వైపు చూసి మళ్లీ అంది. "మా ఆయన దీన్ని ఇప్పటిదాంక ఎత్తుకోలే. నాతోని గూడ మాట్లాడుతలేడు."

ఆమె నన్ను తిట్టలేదు, మంచి చేశావని కూడా అనలేదు. అత్త బయటినుంచి పిలిస్తే వెళ్లిపోయింది. నేను ఆ పిల్ల ముఖం సరిగ్గా చూడనే లేదు. అత్త భుజం అడ్డం వచ్చింది.

ఓనర్ సారు ఆ సాయంత్రమే లెక్క చూసి జీతం చేతికి ఇచ్చాడు. గొంతు పెంచలేదు. "సెంటర్ అంటేనే నమ్మకమమ్మా. నీ మాట మీద నమ్మకం పోయింది," అన్నాడు. పై వారం నుంచి కొత్త అమ్మాయి వస్తుందని ఆయమ్మ చెప్పింది. నేను వెళ్లేటప్పుడు నా నవల డ్రాయర్‌లోంచి తీసి చేతికిస్తూ, "నువ్వు మంచిదానివే, గని నీతోని బతుకుడు కష్టం," అంది.

పటాన్‌చెరులో నా స్నేహితురాలు పెళ్లి కుదిరి ఉద్యోగం మానేసింది. ఆ సీటు కోసం నర్సింగ్ హోంకు వెళ్లాను. బయట వరండాలో ఫ్యాక్టరీ బట్టల్లో మగవాళ్లు పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒకతను నా చేతిలో ఫైలు చూసి డాక్టరునేమో అనుకుని, "మేడం, పథరీ కిత్నా బడా హై?" అని తన రాయి ఎంత పెద్దదో అడిగాడు. మేనేజరు సర్టిఫికెట్లు తిరగేశాడు.

"కిడ్నీ, లివర్ చూస్తారు కదా. మూడు వేలు. ఈ మధ్య మా దగ్గరికి కాన్పుల కేసులు కూడా వస్తున్నాయి. గర్భిణుల స్కానింగ్ వస్తే మూడున్నర ఇస్తాం. వస్తదా?"

"రాదు సార్."

"సంగారెడ్డిలో అదే కదా ఎక్కువ?"

"అక్కడ నేను పక్కన నిలబడి జెల్లీ రాసేదాన్ని సార్."

ఆయన నమ్మాడో లేదో, మూడు వేలని కాగితం మీద రాసుకున్నాడు.

నాన్న షిఫ్టు దిగి గేటు ఎదురుగా చాయ్ హోటల్లో నా కోసం కూర్చుని ఉన్నాడు.

"ఎంతన్నరు?"

"మూడు వేలు."

"మంచిగనే ఉన్నది గద. మరి పరేషాన్ మొఖమేంది?"

"ఏం లేదు నాయినా."

ఆయన నా కోసం ఇంకో చాయ్ చెప్పాడు. రోడ్డు మీద సంగారెడ్డి వెళ్లే బస్సు జనాన్ని ఎక్కించుకుంటోంది. అందులో నీళ్ల సీసా పట్టుకుని నిలబడిన ఒక గర్భిణి కనిపించింది. ఆమె ఎక్కడికి వెళుతుందో నాకు తెలియదు. కాని పాత బస్టాండు వెనక నా స్టూల్ మీద ఇప్పుడు కొత్త అమ్మాయి కూర్చుని ఉంటుంది. సారు ఆమెకు కూడా పద్దెనిమిది వందలే చెప్పి ఉంటాడు, మిగిలినది కలుపుకొమ్మని కూడా చెప్పి ఉంటాడు.